దీపావళికి ఇంట్లో కుక్క ఉంటే: నెలన్నర ముందు నుంచి మర్నాడు వాకిలి ఊడ్చేదాకా

మా జున్ను బాంబుల మోతకు పారిపోయిందని అందరూ అంటారు. నిజానికి అది పారిపోయింది నేను తలుపు తీసినందుకు.

దానికి అది మొదటి దీపావళి. వీధిలో దొరికిన నాటు పిల్ల, పది నెలలుంటాయేమో. రాత్రి ఏడుంబావుకు పక్క ఫ్లాటావిడ స్వీట్ల ప్లేటుతో వచ్చి బెల్లు కొట్టింది. "రండి పిన్నిగారూ" అంటూ తలుపు బార్లా తీశాను. సరిగ్గా అప్పుడే కింద ఎవరో లక్ష్మీబాంబు పేల్చారు. జున్ను నా కాళ్ల సందులోంచి దూరి మెట్ల మీద పడింది. వంగి బెల్టు పట్టుకున్నాను. బెల్టు నా చేతిలో మిగిలింది, కుక్క లేదు. మెడ ఒరుసుకుంటుందని దాన్ని వదులుగా పెట్టింది కూడా నేనే. రాత్రి ఒంటిగంట దాకా టార్చీలు పట్టుకుని వీధులన్నీ తిరిగాం. పొద్దున్న ఆరింటికి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. సెల్లార్‌లో జనరేటర్ వెనకాల, గోడకు అతుక్కుపోయి ఉంది. చెయ్యి చాపితే నన్నే కరవబోయింది. ముందుకాలి గోళ్లు రెండు ఊడి రక్తం కారుతోంది.

ఆ తర్వాత ఎనిమిది దీపావళులు గడిచాయి. ఒక్కోసారి ఒక్కో తప్పు చేసి, వెటర్నరీ డాక్టర్ చేత చీవాట్లు తిని నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. పండగ రోజు చేయగలిగింది తక్కువ. చాలావరకు పని ముందే అయిపోవాలి.

ముందుగా: అది భయమేనా?

వణకడం, మంచం కింద దూరడం అందరం గుర్తుపడతాం. అంతకు ముందు వచ్చే చిన్న గుర్తులే మన కంటబడవు. నిద్ర రాకపోయినా మాటిమాటికీ ఆవలిస్తుంది. ఎదురుగా తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది. చెవులు వెనక్కి పెట్టి, కనుగుడ్డు పక్కన తెల్లదనం కనిపించేలా ఓరగా చూస్తుంది. చలికాలంలో కూడా రొప్పుతుంది. ఎంతో ఇష్టమైన బిస్కెట్టు మూతి దగ్గర పెట్టినా ముట్టదు. ఈ చివరిది కనిపించిందంటే భయం అప్పటికే ముదిరినట్టు.

మన చెవి సుమారు 20,000 హెర్ట్‌జ్ దాకా వింటే, కుక్క చెవి దాదాపు 45,000 దాకా వింటుంది. మన దేశంలో టపాకాయల మోతకు చట్టం పెట్టిన హద్దే, పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్. పైగా ఒత్తి అంటించింది మనమే కాబట్టి చెవులు మూసుకుని సిద్ధంగా ఉంటాం. కుక్కకు ఆ కబురు అందదు. మోత ఎటునుంచి వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో దానికి తెలియదు.

"పోయినేడు ఏమీ అనలేదే" అని ధీమా పడకండి. ఈ భయం ఏడాదికేడాది పెరగడమే ఎక్కువ. ఇన్నాళ్లూ పట్టించుకోని పెద్ద వయసు కుక్క ఉన్నట్టుండి మోతలకు బెదురుతుంటే దాని నడుమో కీళ్లో నొప్పి పెడుతున్నాయేమో డాక్టర్‌కు చూపించండి. ఉలిక్కిపడ్డ ప్రతిసారీ ఒళ్లు బిగుసుకుని నొప్పి కలుక్కుమంటే, ఆ నొప్పిని అది చప్పుడుతో ముడిపెట్టుకుంటుంది.

మొదటి మెట్టు: నెలన్నర ముందు, చప్పుడు అలవాటు చేయడం

వినాయక చవితి నిమజ్జనాల సందడి తగ్గగానే మొదలుపెడితే సరిపోతుంది. టపాకాయల శబ్దాల రికార్డింగులు ఫోన్‌లో బోలెడు దొరుకుతాయి. ఒకటి తీసుకుని, మీకే సరిగ్గా వినపడనంత తక్కువ సౌండ్‌లో పెట్టండి. కుక్క చెవి నిక్కించి, మళ్లీ తన పనిలో పడిపోవాలి. ఆ స్థాయి దొరికాక అసలు పని మొదలవుతుంది: చప్పుడు రాగానే ఓ ఉడికించిన చికెన్ ముక్క. చప్పుడు ముందు, ముక్క తర్వాత. ఈ వరస తిరగబడితే ముక్క చూపించినప్పుడల్లా ఏదో పేలబోతోందని నేర్చుకుంటుంది. జున్ను విషయంలో ఆ తప్పు చేసి, వారం పాటు అది నా చేతిలో చికెన్ చూసి పరిగెత్తే స్థితి తెచ్చుకున్నాను.

రోజుకు ఐదు నిమిషాలు చాలు. మూడు నాలుగు రోజులు హాయిగా ఉంటే సౌండ్ ఒక్క గీత పెంచండి. తిండి మానేసినా, గదిలోంచి వెళ్లిపోయినా రెండు గీతలు తగ్గించండి. బలవంతంగా పట్టుకుని వినిపించకండి.

దీనికీ ఓ హద్దుంది. ఫోన్ స్పీకర్‌లో లక్ష్మీబాంబు "టప్" మంటుందే గానీ, నేల అదిరే ఆ దిమ్ము రాదు. కాబట్టి ఇంట్లో పరీక్ష పాసైన కుక్క వీధిలో ఫెయిలవచ్చు. పండగ ఇంక పది రోజులే ఉందంటే ఈ మెట్టు వదిలేయండి. హడావిడిగా చేస్తే ఉన్న భయం ముదురుతుంది.

రెండో మెట్టు: మూడు వారాల ముందు, డాక్టర్ దగ్గరికి

పోయినేడు గోళ్లతో తలుపు గీరిన కుక్క, గంటల తరబడి వణికిన కుక్క, ఉన్నచోటే మూత్రం పోసుకున్న కుక్క: వీటికి బుజ్జగింపులు చాలవు. మందు అడగడానికి మొహమాటపడకండి. గాబాపెంటిన్, ట్రాజొడోన్, ఆల్‌ప్రజోలం లాంటివి డాక్టర్లు రాస్తుంటారు. ఏది, ఎంత అన్నది కుక్క బరువును, వయసును, గుండె, మూత్రపిండాల పరిస్థితిని బట్టి వాళ్లే తేల్చాలి. మీరు అడగాల్సినవి మూడు:

1. మోతలు మొదలవడానికి ఎంతసేపు ముందు వేయాలి? భయం పట్టుకున్నాక వేస్తే చాలా మందులు సరిగ్గా పనిచేయవు.
2. మామూలు రోజున ఒకసారి వేసి చూడొచ్చా? కొన్ని కుక్కలు మగతపడే బదులు ఇంకా చిరాకుపడతాయి. అది పండగ రాత్రి తెలిస్తే చేసేదేమీ ఉండదు.
3. ఆ రాత్రి అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? చాలా క్లినిక్కులు పండగ పూట తెరవరు.

ఒట్టి మత్తుమందు వేరు, భయం తగ్గించే మందు వేరు. ఏస్‌ప్రోమజిన్ ఒక్కటే ఇస్తే ఒళ్లు కదలదు గానీ లోపల భయం అలాగే ఉంటుంది. పైనుంచి చూసేవాళ్లకు కుక్క హాయిగా పడుకున్నట్టే కనిపిస్తుంది. మీ డాక్టర్ అదొక్కటే రాస్తే ఎందుకని అడగండి. ఇక "ఓ ఎవిల్ బిళ్ల వేసేయండి, నిద్రపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకరుంటారు. మన ఇంట్లో మందుల డబ్బాలోంచి ఏదీ తీసి వేయకండి.

మూడో మెట్టు: వారం ముందు, దాని గది

గది మీరు ఎంచవద్దు, దాన్నే ఎంచుకోనివ్వండి. కుక్కర్ విజిల్‌కో ఉరుముకో అది ఎటు పరిగెడుతుందో గమనించండి. నేను బెడ్‌రూమ్‌లో మెత్తటి పరుపు వేసి రెండేళ్లు పోరాడాను. జున్ను మాత్రం బాత్రూమ్‌లో కమోడ్ వెనకాల మూలనే కోరుకుంది. ఆలోచిస్తే దాని లెక్క సరైనదే: వీధి వైపు కిటికీ లేదు, చుట్టూ గోడలు, చల్లటి నేల. మూడో ఏడు నేనే ఓడిపోయి అక్కడే పాత బొంత పరిచాను. బ్రష్షులు, ఫినాయిల్ సీసా పైకి ఎత్తేశాను. మా అమ్మ పాత నేత చీర ఒకటి ఉతక్కుండా పక్కన పడేశాను. ఇంటివాళ్ల వాసన ఉన్న గుడ్డ ఏ మెత్తటి పరుపు కన్నా మేలు.

గది ఏదైనా కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. చప్పుడును అంతగా ఆపదు గానీ, తారాజువ్వల మెరుపును ఆపుతుంది. ఫ్యానో కూలరో పెద్దగా పెట్టండి. ఆగకుండా వచ్చే హోరు బయటి మోతను కొంత మింగేస్తుంది. ఈ పని సంగీతం కన్నా పాత కూలర్ బాగా చేస్తుందని నా అనుభవం. వారం ముందు నుంచే రోజూ సాయంత్రం కూలర్ వేసి, అక్కడే తిండి పెట్టండి. తలుపు మాత్రం బిగించకండి. అలవాటు లేని బోనులో పెట్టి గడియ వేస్తే పళ్లు, గోళ్లు విరగ్గొట్టుకుంటుంది.

నాలుగో మెట్టు: ముందురోజు, బెల్టు, తలుపు, బాల్కనీ

మెడకూ బెల్టుకూ మధ్య రెండు వేళ్లు మాత్రమే దూరాలి. దాన్ని తల మీదుగా లాగి చూడండి. వచ్చేస్తే వదులుగా ఉన్నట్టే. నరక చతుర్దశి, దీపావళి రెండు రోజులూ బెల్టుతో పాటు ఛాతీకి తొడిగే హార్నెస్ కూడా వేసి, గొలుసు హార్నెస్‌కే తగిలించండి. బెల్టు మీద ఫోన్ నంబరు రాయించండి. చేతిలో టైమ్ లేకపోతే చెరగని మార్కర్ పెన్‌తో బెల్టు లోపలి వైపు రాసినా చాలు. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) వేయించినవాళ్లు దాని పేరున నమోదై ఉన్నది పాత ఫోన్ నంబరేమో ఒకసారి సరిచూసుకోండి. వాచ్‌మన్‌కు, ఎదురింటివాళ్లకు కుక్క ఫోటో ముందే పంపండి.

మా తలుపు మీద ఇప్పుడు ఏటా ఓ కాగితం అంటిస్తాను: "కుక్క భయపడుతోంది. బెల్లు కొట్టకండి, ఫోన్ చేయండి." ఫోన్ రాగానే ముందు బాత్రూమ్ తలుపు దగ్గరగా వేస్తాం, తర్వాతే వీధి తలుపు తీస్తాం. స్వీట్లు ఇచ్చిపుచ్చుకోవడాలు మధ్యాహ్నమే ముగించేస్తే ఇంకా సుఖం. బాల్కనీ తలుపుకు గడియ వేయండి. బెదిరిన కుక్కకు అది ఎన్నో అంతస్తో తెలియదు.

ఐదో మెట్టు: పండగ రోజు, గడియారం ప్రకారం

నరక చతుర్దశి నాడు తలంటు పోసుకోగానే తెల్లవారుజామునే టపాకాయలు కాల్చే ఇళ్లున్నాయి. ఆ రెండు రోజులూ చీకట్లో షికారుకు తీసుకెళ్లకండి. ఎండ ఎక్కాక, ఎనిమిది గంటలకు ఎక్కువసేపు నడిపించండి. కాళ్లు అలిసిన కుక్క సాయంత్రం కొంచెం నయంగా ఉంటుంది.

హైదరాబాద్‌లో ఆ రోజుల్లో ఐదుముప్పావుకల్లా పొద్దు గుంకుతుంది. చిన్నపిల్లలు అప్పటిదాకా కూడా ఆగరు. అందుకే నాలుగింటికల్లా చివరిసారి బయటికి తిప్పుకు రండి. ఐదింటికి తిండి పెట్టండి, ఎప్పుడూ తినేదే, కాస్త తక్కువగా. మందు ఉంటే డాక్టర్ చెప్పిన టైమ్‌కు వేసేయండి, "చూద్దాం, అవసరమైతే వేద్దాం" అని ఆగకండి. ఐదున్నరకు కూలర్, దుప్పటి, నీళ్ల గిన్నె అన్నీ సిద్ధంగా ఉండాలి. రాత్రి బయటికి వెళ్లనంటుంది కాబట్టి ఓ మూల పాత పేపర్లు పరచండి. అక్కడ పోస్తే తిట్టకండి.

ప్రమిదలు తోక ఊపినంత ఎత్తులో పెట్టకండి. కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు ఉన్న సంచీ బీరువా మీద పెట్టండి. మందుగుండు నమిలితే కడుపులోకి వెళ్లే రసాయనాలు ప్రాణం మీదికి తెస్తాయి.

ఆరో మెట్టు: స్వీట్ల పళ్లెం

ఈ విషయంలో మన ఇళ్లలో పెద్ద ప్రమాదం చాక్లెట్ కన్నా కిస్‌మిస్ అని నేననుకుంటాను. చాక్లెట్ పెట్టకూడదని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. సేమియా పాయసంలో, చక్కెర పొంగలిలో, లడ్డూలో ఉన్న కిస్‌మిస్‌ను మాత్రం ఎవరూ లెక్కచేయరు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఇంత తింటే ఏమీ కాదని చెప్పగల కొలత లేదు. ముందు వాంతులు, ఒకటి రెండు రోజుల్లో మూత్రం తగ్గిపోవడం. తాతగారు ప్రేమగా గిన్నె నాకించే ఇంట్లో ఈ మాట ముందే చెప్పి ఉంచాలి. మా నాన్నగారికి మూడేళ్లు చెప్పాల్సి వచ్చింది.

షుగర్ ఉన్నవాళ్ల కోసం కొనే షుగర్‌ఫ్రీ మిఠాయిల్లో, చూయింగ్ గమ్ముల్లో చక్కెరకు బదులు వేసే జైలిటాల్ ఉండొచ్చు. అది కుక్క రక్తంలో చక్కెరను చాలా త్వరగా పడగొడుతుంది, కాలేయాన్నీ పాడుచేస్తుంది. డార్క్ చాక్లెట్ 100 గ్రాముల బార్ ఒక్కటి చాలు, పది కిలోల కుక్కను ఆసుపత్రి పాలు చేయడానికి. నేతి మిఠాయిలు, నూనె ఓడే గారెలు క్లోమానికి వాపు తెస్తాయి. ఉల్లిపాయ వేసిన మసాలా వడలు కూడా వద్దు.

ఏదైనా తినేసిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. ఏం తిన్నది, ఎంత, ఎన్నింటికి, కుక్క బరువెంత: ఈ నాలుగూ చెబుతూ డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే పాత చిట్కా ప్రమాదకరం, ఆ ఉప్పే విషమవుతుంది.

ఏడో మెట్టు: మోతలు మొదలయ్యాక

"దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుంది" అని నాకూ చెప్పారు. మొదట్లో నమ్మి, వణుకుతున్న జున్నును పట్టించుకోనట్టు నటించాను. అది తప్పుడు మాట. భయం దొంగవేషం కాదు, ముద్దుచేస్తే పెరగడానికి. దగ్గరికి వస్తే చెయ్యి వేసి నెమ్మదిగా నిమరండి. రాకపోతే లాగకండి, పక్కన నేల మీద కూర్చుని పుస్తకం చదువుకోండి. మీరే "అయ్యో అయ్యో" అని కంగారుపడకుండా ఉంటే చాలు. దాక్కున్న చోటు నుంచి బయటికి ఈడ్చడం, ధైర్యం వస్తుందని డాబా మీదికి ఎత్తుకెళ్లి చూపించడం, ఈ రెండూ మాత్రం ఎప్పటికీ చేయకండి. బెదిరిన కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది.

కొన్నిటికి ఒంటికి బిగువుగా గుడ్డ చుడితే నయంగా ఉంటుంది. పాత కాటన్ చున్నీ మధ్యభాగాన్ని ఛాతీకి ఆనించి, రెండు కొసలూ భుజాల మీద దాటించి, పొట్ట కిందుగా తెచ్చి వీపు పక్కన ముడి వేయండి. వెన్నెముక మీద ముడి పడకూడదు, ఊపిరి ఆడాలి. అందరి కుక్కలకూ పనిచేస్తుందని చెప్పను. జున్ను రెండు నిమిషాల్లో విప్పేసుకుంది. మా చెల్లెలి కుక్క మాత్రం చుట్టగానే పడుకుంటుంది.

2018లో సుప్రీంకోర్టు దీపావళి రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని చెప్పింది. 2005 నుంచే రాత్రి 10 తర్వాత పొద్దున్న 6 దాకా మోత చేసేవి పేల్చకూడదన్న ఆదేశం ఉంది. మా వీధి ఆ సంగతి ఇంకా వినలేదు. కాబట్టి పదింటికి అయిపోయిందని తలుపులు తెరవకండి. అర్ధరాత్రి దాటి, అరగంట పాటు ఏమీ పేలకపోతే అప్పుడు హార్నెస్, గొలుసు వేసి, ఇద్దరు కలిసి, రెండు నిమిషాలు కిందికి తీసుకెళ్లండి.

ఒకవేళ పారిపోతే వెంట పరిగెత్తకండి, తరిమితే ఇంకా దూరం పోతుంది. ముందు దగ్గర్లోని సెల్లార్లు, ఆగిన కార్ల కింద, మెట్ల సందులు వెతకండి. కనపడితే పక్కకు తిరిగి కూర్చుని, పేరు పెట్టి మెల్లగా పిలవండి. ఒళ్లు కాలితే పది నుంచి ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు పారించి, తడి గుడ్డ కప్పి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఐస్, పేస్టు, పసుపు ఏదీ పూయకండి.

వీధిలో ఉన్నవాటి సంగతి

సెల్లార్ గేటు ఆ ఒక్క రాత్రి కాస్త తీసి ఉంచమని అసోసియేషన్‌ను అడగండి. రెండు గోనె సంచులు, ఓ నీళ్ల తొట్టి చాలు. మా అపార్ట్‌మెంట్‌లో మొదట ససేమిరా అన్నారు. పొద్దున్నే గోనెలు తీసి కడిగించే పూచీ నాదన్నాక ఒప్పుకున్నారు. తోకకు సీమటపాకాయల సరం కట్టే పిల్లలు కనిపిస్తే వాళ్ల పెద్దలకు చెప్పండి: జంతువును హింసించడం 1960 నాటి చట్టం ప్రకారమే నేరం. చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. అదే నరక చతుర్దశి వేళకు నేపాల్‌లో కుకుర్ తిహార్ అని కుక్కల మెడలో బంతిపూల దండ వేసి, నుదుట బొట్టు పెట్టి, కడుపునిండా పెడతారు. మనం కాలభైరవుడి వాహనమని దండం పెట్టి ఊరుకుంటాం.

చివరి మెట్టు: తెల్లారాక

కుక్కను దించే ముందు మీరు చీపురు పట్టుకుని దిగండి. కాలిన కాకరపువ్వొత్తుల తీగలు అరికాళ్లలో గుచ్చుకుంటాయి. పేలకుండా మిగిలిన టపాకాయలను బకెట్ నీళ్లలో పడేయండి. షికారు నుంచి రాగానే పాదాలు, వేళ్ల సందులు తడిగుడ్డతో తుడవండి, లేకపోతే ఆ మందు నాకేస్తుంది. రెండు రోజులు సరిగ్గా తినకపోవడం, ఎక్కువ పడుకోవడం మామూలే. మూడో రోజుకూ అలాగే ఉంటే డాక్టర్‌కు చూపించండి.

బెల్టు, హార్నెస్ మాత్రం అప్పుడే అటక ఎక్కించకండి. కోస్తాలో పిల్లలు సంచీలో సగం నాగుల చవితికని దాచుకుంటారు. నాలుగు రోజుల్లో మళ్లీ మొదలు.